“మీ ఊరు బతకడానికి పనికిరాదు” అన్న అల్లుడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని చంద్రపూర్. మా మామగారి నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా అమ్మాయిని పటాన్‌చెరు దగ్గర ఇచ్చాం. ఇప్పుడు ఆరో నెల, మే మొదటి వారంలో డెలివరీ అన్నారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మా ఆనవాయితీ. అల్లుడుగారేమో ఫోన్‌లో ఏదో లిస్టు చూసి “దేశంలో బతకడానికి పనికిరాని ఊళ్ళలో మీదొకటి, నేను పంపను” అంటున్నారు. మా ఆయన అలిగి అల్లుడితో మాట్లాడటం మానేశారు. నిజంగా మా ఊరు అంత చెత్త ఊరా?
— పేరు వద్దన్న పాఠకురాలు, చంద్రపూర్

జవాబు: అమ్మా, నేను బల్లార్‌పూర్ వాణ్ణి, మీకు పదిహేను పదహారు కిలోమీటర్ల దూరం. కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

అల్లుడుగారు చూసిన లిస్టు ఏదో మీరు రాయలేదు. బహుశా 2009 నాటిది అయ్యుంటుంది, అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఆ ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను కొలిచి మార్కులు వేసింది. ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే ఫెయిలైనట్టు, 70 దాటితే తీవ్రంగా కలుషితమైన ప్రాంతం కింద లెక్క. గుజరాత్‌లోని అంకలేశ్వర్, వాపి, ఆ తర్వాత ఘాజియాబాద్, నాలుగోది మన చంద్రపూర్, 83.88. 2010 జనవరిలో కేంద్రం ఇలాంటి చోట్ల కొత్త ఫ్యాక్టరీల అనుమతులు కొన్నాళ్ళు ఆపేసింది కూడా. అంటే గాలికి పుట్టిన కబురేం కాదు. బొగ్గు గనులు, థర్మల్ కరెంటు, సిమెంటు అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. డాబా మీద వడియాలు పెట్టి పైన పల్చటి చీర కప్పకపోతే సాయంత్రానికి ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

అయితే అల్లుడుగారు ఆ లిస్టును కిందిదాకా జరిపి చూసినట్టు లేదు. అదే ఏడాది, అదే 70 గీత దాటిన వాటిలో పటాన్‌చెరు-బొల్లారం కూడా ఉంది, 70.07తో. విశాఖపట్నం 70.82. ఈ సంగతి మీ ఆయన చెవిన వేయండి, కనీసం రెండు రోజులు హుషారుగా ఉంటారు.

ఇక ప్రపంచం మొత్తానికి ఒక లిస్టు ఉంది, ఏటా పేపర్లో వస్తుంది. ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అని లండన్ సంస్థ 173 నగరాలకు మార్కులు వేస్తుంది. శాంతిభద్రతలు, వైద్యం, చదువు, రోడ్లూ నీళ్ళూ, వాతావరణంతో కలిపి సంస్కృతి, ఇవీ దాని సబ్జెక్టులు. సిరియాలోని డమాస్కస్ ఏళ్ళ తరబడి అట్టడుగున ఉంది, 2025లోనూ అంతే. అందులో మన చంద్రపూర్ లేదు, నాగ్‌పూరే లేదు. అసలు ఆ మార్కులు దేనికి పనికొస్తాయో తెలుసా? కంపెనీలు తమ ఆఫీసర్లను వేరే దేశానికి పంపేటప్పుడు కష్టానికి ఎంత భత్యం కట్టాలో తేల్చుకోవడానికి. 80 దాటిన ఊరికి పంపితే అదనంగా ఇవ్వక్కర్లేదు, 50 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే జీతం మీద 20 శాతం ఇవ్వమని ఆ సంస్థ సూచన. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. మే నెల మధ్యాహ్నం మన ఓపెన్‌కాస్ట్ గనిలో దిగే కాంట్రాక్టు కూలీకి ఏ సూచిక ప్రకారం ఎంత శాతం వస్తుందమ్మా? ఊరు మంచిదా చెడ్డదా అని బయటినుంచి వచ్చేవాణ్ణి దృష్టిలో పెట్టుకునే అడుగుతారు. అక్కడే పుట్టి అక్కడే ఉండేవాణ్ణి అడిగేవాడు తక్కువ.

సరే, మీ అసలు గొడవకి వస్తాను. ఇది మీకు నచ్చదు. ఊరి విషయంలో అల్లుడుగారిది సగం నోటిదురుసే, కానీ మే నెలలో పంపననడం మాత్రం సబబే. మేలో మనకు 46, 47 డిగ్రీలు వార్త కూడా కాదు. కూలర్‌లో నీళ్ళు పోస్తుంటే అవి కూడా కాగుతున్నట్టుంటాయి, కరెంటు తయారయ్యే ఊళ్ళోనే కరెంటు పోతుంది. బాలింతకీ పసిబిడ్డకీ ఆ ఎండ మంచిది కాదు. మన దగ్గర ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, డెలివరీకి భయం లేదు, నా భయమంతా ఆ తర్వాత నలభై రోజుల గురించే. ఆనవాయితీ అంటే తల్లి పక్కన ఉండటమే కదా, గోడలదేముంది? బల్లార్షాలో రైలెక్కి మీరే వెళ్ళండి, కారప్పొడీ నెయ్యీ పట్టుకుని. బారసాల అక్కడ కానివ్వండి, అక్టోబరు దాటాక బిడ్డను తీసుకుని వచ్చి మహాకాళి గుడికి వెళ్ళండి. “మా ఊరు చెత్తది కాబట్టి వచ్చాను” అని మాత్రం ఒప్పుకోకండి, “ఎండ కాబట్టి వచ్చాను” అనండి. రెండింటికీ చాలా తేడా ఉంది, మీ ఆయన అలక తీరడానికి ఆ తేడా చాలు.

ప్రశ్న: సర్, మాది బరంపురం. ఐటీఐ అయింది. మా ఫ్రెండ్స్‌లో సగం మంది సూరత్ అంటున్నారు, సగం బెంగళూరు. రెండు రోజులుగా ఏది పరమ చెత్త సిటీ అనే వాదన నడుస్తోంది. మీరు తేల్చండి.
— ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: తమ్ముడూ, సూరత్ కథ వింటే మీ వాదన ఇంకో రెండు రోజులు సాగుతుంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చింది, లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. అప్పుడు ఓటింగ్ పెడితే దేశంలో చెత్త నగరం అదే, సందేహం లేదు. మరుసటి ఏడాది కమిషనర్‌గా ఎస్.ఆర్. రావు వచ్చి చెత్త ఎత్తించడం, అక్రమ కట్టడాలు కూల్చడం, ఆఫీసర్లను పొద్దున్నే వీధుల్లో తిప్పడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకే ఊరి రూపు మారింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం.

ఇప్పుడు సూరత్‌లో పనిచేసే మీ గంజాం వాళ్ళనే అడుగు. పవర్‌లూమ్‌లో పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకింత అని కూలి, పక్కవాడి మాట వినపడని చప్పుడు. మెస్ రూములో పగటి షిఫ్టు వాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టు వాడు పడుకోవడం. దేశంలోకెల్లా శుభ్రమైన నగరంలో మనవాడికి సొంతంగా ఒక చాప దొరకదు. ఆ సర్వే రోడ్డు ఊడ్చారా లేదా చూస్తుంది, చాపల లెక్క దానికి పట్టదు.

బెంగళూరుదీ అదే తంతు. కేంద్ర పట్టణ శాఖ సులభ జీవన సూచికలో 2020కి గాను పది లక్షలు దాటిన నగరాల్లో అది ఫస్టు. 2018లో పుణె ఫస్టు, 111లో ఆఖరిది ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్. బెంగళూరు ట్రాఫిక్‌లో ఒక్కసారి ఇరుక్కున్నవాడు ఆ ఫస్టు ర్యాంకు చూసి ఏమంటాడో ఊహించుకో. అద్దె ఇల్లంటే నెలల అద్దె ముందే అడ్వాన్సు కట్టమంటారు. ఐటీఐలో ఏ ట్రేడో నువ్వు రాయలేదు. ఎలక్ట్రీషియనో ఫిట్టరో అయితే నేను బెంగళూరే అంటాను, చేతిలో సర్టిఫికెట్ ఉన్నవాడు మగ్గం దగ్గర మీటర్లు లెక్కపెట్టుకోనక్కర్లేదు. వెళ్ళేముందు ఒకటే అడుగు: పడుకునేది ఎక్కడ, ఎంతమందితో?

ప్రశ్న: తప్పించుకోకుండా ఒక్క పేరు చెప్పండి. దేశంలో అన్నిటికంటే చెత్త సిటీ ఏది?
— ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: ఏ నెలలో? ఏప్రిల్ పదిహేను నుంచి మృగశిర దాకా మా చంద్రపూరే, ఎవరితోనైనా పందెం. జూలైలో ముంబయి, 2005 జూలై 26న అక్కడ ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది, ఆ రోజు లోకల్ ట్రైన్‌లో ఉన్నవాళ్ళు ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. నవంబరులో ఢిల్లీ, అందులో చర్చే లేదు. డిసెంబరులో మాత్రం నన్ను అడగొద్దు. అప్పుడు మా ఊళ్ళో స్వెట్టర్లు బయటికి వస్తాయి, పక్కనే ఉన్న తడోబా అడవిలో పులిని చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో దిగి “అబ్బ, ఎంత బాగుందో” అంటుంటారు, మేము కూడా ఆ రెండు నెలలు నమ్మేస్తాం.