ఫిర్యాదు చేతికందిన రోజు నుంచి

ప్రశ్న: మా మున్సిపల్ ఆఫీసులో నేను సూపరింటెండెంట్‌ని. లైంగిక వేధింపుల అంతర్గత కమిటీకి నాలుగేళ్ల కిందట నన్ను అధ్యక్షురాలిగా వేశారు. మిగతా సభ్యులు బదిలీ అయిపోయారు. ఇప్పుడు ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికురాలు ఒకామె తన జవాన్ (పని చేయించే పర్యవేక్షకుడు) మీద నోటితో ఫిర్యాదు చేసింది. 'కాంట్రాక్టరు మనిషి కదా, ఇద్దర్నీ పిలిచి సర్దిచెప్పండి' అంటున్నారు పైవాళ్లు. ఏం చేయాలి?

జవాబు: పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) కాంట్రాక్టు, రోజుకూలీ, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లను కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. ఆమె ఫిర్యాదు వినాల్సింది మీ కమిటీయే.

కానీ ఆ కమిటీ ఇప్పుడు లేదు. సభ్యుల గడువు మూడేళ్లకు మించకూడదు, మీది కూడా తీరిపోయింది. వెంటనే కమిషనర్‌కు నోట్ పెట్టి కొత్త ఆర్డరు తెప్పించండి. పై హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలు, ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు ఉండాలి. మొత్తంలో సగానికి తగ్గకుండా మహిళలే. బయటి సభ్యుల స్థానంలో మన శాఖలోనే రిటైరైన అధికారిని కూర్చోబెట్టడం చాలాచోట్ల జరిగే తప్పు. అలా చేయొద్దు. బయటివారికి రోజుకు 200 రూపాయల భత్యం, ప్రయాణ ఖర్చు ఇవ్వాలని నిబంధనల్లోనే ఉంది.

ఆర్డరు వచ్చేదాకా ఆమెను తిప్పించుకోకండి. ఘటన జరిగిన నాటి నుంచి, పదేపదే జరిగితే ఆఖరిదాని నుంచి, మూడు నెలల్లో రాతపూర్వక ఫిర్యాదు అందాలి. కారణం రాసి మరో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే. ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆరు కాపీలు కావాలి. ఒకటి ఏడు పనిదినాల్లో జవాన్‌కు పంపాలి, అతను పది పనిదినాల్లో జవాబివ్వాలి.

సర్దుబాటు ఆమె అడిగితేనే, విచారణ మొదలుకాకముందే. డబ్బుతో సర్దుబాటు కుదరదు. పైవాళ్లు చెప్పారని ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టడం నా దృష్టిలో రెండో వేధింపు.

ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం హాజరు. తెల్లారి మస్టర్‌లో ఆమె పేరు టిక్ పెట్టేది ఆ జవానే. ఫిర్యాదు తర్వాత నాలుగు గైర్హాజర్లు పడితే జీతం తెగుతుంది, కాంట్రాక్టరు తీసేస్తాడు. ఆమె చేత రాతపూర్వకంగా అడిగించి, హాజరు, పని నివేదిక ఇంకొకరికి అప్పగించమని సిఫారసు చేయండి. అతన్ని బదిలీ చేయమనీ, ఆమెకు మూడు నెలల వరకు అదనపు సెలవు ఇవ్వమనీ కూడా సిఫారసు చేయవచ్చు. ఆమెనే దూరపు వార్డుకు మార్చి చేతులు దులుపుకోనివ్వకండి.

విచారణకు గడువు 90 రోజులు. ప్రతి విచారణకూ అధ్యక్షురాలితో కలిపి ముగ్గురు కూర్చోవాలి. లాయర్లకు ప్రవేశం లేదు. తొందరపడి అతని వాదన వినకుండా ముగించకండి. గోవా విశ్వవిద్యాలయం కేసులో కమిటీ అలా హడావుడి చేసినందుకే 2023 మేలో సుప్రీంకోర్టు ఆరోపణలున్న అధ్యాపకుడి బర్తరఫ్‌ను కొట్టేసింది. పూర్తయిన పది రోజుల్లో నివేదిక, అది అందిన 60 రోజుల్లో చర్య.

కొత్త ఆర్డరు కాపీని కమిషనర్ గది బయట ఒక్కచోటే అంటిస్తే కార్మికుల కంట పడదు. మస్టర్ వేసే చోట తెలుగులో, పెద్ద అక్షరాల్లో, సభ్యుల ఫోన్ నంబర్లతో పెట్టించండి.