హేర్‌వుడ్ హౌస్‌లో అంత పెద్ద బంగారు అద్దాలు కిటికీల మధ్యే ఎందుకు పెట్టారు?

ముఖ్యంగా వెలుతురు కోసం. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఈ భవంతి కట్టడం 1759లో మొదలైంది. అప్పట్లో ఇలాంటి భవంతుల్లో రాత్రి వెలుగంటే ఎక్కువగా కొవ్వొత్తులదే. కిటికీల మధ్య గోడ మసకగా ఉండేది. అక్కడ నిలువుటద్దం తగిలించి, ఎదురుగా కొవ్వొత్తులు వెలిగిస్తే వెలుగు రెట్టింపయినట్టుంటుంది.

చట్రమూ ఆ పనికి సాయపడుతుంది. చెక్కిన కర్రకు జిగురు కలిపిన సుద్ద పూతలు వేసి, పైన మెత్తటి రంగు మట్టి పూసి, దానిమీద పల్చటి బంగారు రేకు అతికిస్తారు. కొన్ని భాగాలను నున్నటి రాయితో రుద్ది మెరిపిస్తారు, కొన్నిటిని అలాగే వదిలేస్తారు. ఈ తేడా కొవ్వొత్తి వెలుగులోనే బాగా తెలుస్తుంది. బల్బు కింద చూస్తే సగం అందం పోయినట్టే.

చట్రాల మీది కలశాలు, పూల తోరణాలు, కచ్చితమైన సౌష్ఠవం పురాతన రోమ్ నుంచి వచ్చినవి. లోపలి అలంకరణ చేసిన రాబర్ట్ ఆడమ్ ఇటలీలో రోమన్ శిథిలాలను స్వయంగా అధ్యయనం చేశాడు. సామాను తయారుచేసిన థామస్ చిప్పెండేల్ దగ్గర్లోని ఆట్లీలో పుట్టినవాడే.

హోదా సంగతీ ఉంది. చాలాసార్లు చట్రం కంటే గాజు పలకకే ఖర్చెక్కువ. ఆ డబ్బు ఎక్కడిదంటారా? యజమాని లాసెల్స్ కుటుంబం వెస్టిండీస్ చక్కెర తోటల్లో, బానిసల శ్రమ మీద సంపాదించింది.

అప్పటి అద్దాల వెనక తగరం, పాదరసం పూత ఉండేది. పాత అద్దాల్లో బూడిదరంగు మచ్చలు కనిపిస్తే ఆ పూత చెడుతోందన్నమాట. కొత్త గాజు వేస్తే స్పష్టంగా కనబడుతుంది కానీ, నా ఉద్దేశంలో అది నష్టమే.