మీ ప్రశ్న – మా జవాబు: ముందు బడి, తర్వాతే కాగితం

ప్రశ్న: ములుగు జిల్లా అడవిలో ఉన్న, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయ ఆదివాసీల గూడేల పిల్లల కోసం తొమ్మిది మందిమి చిన్న సంఘంగా పనిచేస్తున్నాం. బడికి తీసుకెళ్తే పుట్టిన సర్టిఫికెట్, ఆధార్ తెమ్మంటున్నారు. అవి ఎవరి దగ్గరా లేవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యువజన సంఘం

జవాబు: బడి దగ్గరే మొదలుపెట్టండి. కాగితాలన్నీ కుదిరాక చేర్పిద్దామని ఆగితే ఆ పిల్లకు ఒక ఏడాది పోతుంది, ఒక్కోసారి చదువే పోతుంది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరిదీ. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా ఉండరాదని 14వ సెక్షన్, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతున్నాయి. తొమ్మిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెట్టడం కూడా తప్పే. ఈడుకు తగ్గ తరగతిలో చేర్చి, వెనకబడిన చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్ అంటుంది. ఈ మూడు నంబర్లూ వేసి, తల్లో తండ్రో వేలిముద్రతో ఒక పేజీ అర్జీ రాయించండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. నోటితో కాదన్నంత తేలిగ్గా కాగితం మీద కాదని రాయలేరు. అప్పటికీ కదలకపోతే ఆ ప్రతితోనే మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లండి.

ఇక పుట్టిన తేదీ. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తేదీ తెలియదంటే ఫారం నింపేవాళ్లు జనవరి 1 అని వేసేస్తారు. ఆ తర్వాత ఎవరో చెల్లెలికి ఇంకో తేదీ వేస్తారు. చివరికి అన్నాచెల్లెళ్లకు నాలుగు నెలలే తేడా కనిపిస్తుంది, పదో తరగతి దాకా ఆ తప్పు వెంటాడుతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే వీలు ఒక్కసారే. అందుకని ఇంటికో పేజీ చొప్పున నోట్‌బుక్ పెట్టి, ముందు తల్లిని అడగండి. ఆమెకు తేదీ గుర్తుండదు గానీ కాలం గుర్తుంటుంది. ‘మేడారం జాతరకు పోయొచ్చి నెలైంది, ఇప్పపువ్వు రాలుతోంది’ అంటుంది. 2020 జాతర ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా జరిగింది. అంటే బిడ్డ మార్చి మొదటి పక్షంలో పుట్టింది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి ఏడాది తేలుతుంది. మిరప ఏరుడా, తునికాకు కోతా అని అడిగితే నెల తేలుతుంది. అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు ఉంటే ముందు వాటినే నమ్మండి. తేదీ ఎప్పుడూ తల్లిదండ్రుల నోటి నుంచే రావాలి, మీరు ఊహించి నింపొద్దు. ఇంటిపేరు కూడా అంతే. మడకం, మడ్కం, మాడ్కం అని మూడు కాగితాల్లో మూడు రకాలుగా పడితే ముగ్గురు మనుషుల కిందే లెక్క. మొదటి పేజీలో రాసిన అక్షరాలే అన్నిచోట్లా రాయండి.

పుట్టి ఏడాది దాటిన పిల్లల పుట్టుకను నమోదు చేయించడానికి మేజిస్ట్రేటు అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు కావాలి. పంచాయతీ కార్యదర్శి నుంచి ‘రిజిస్టరులో పేరు లేదు’ అన్న పత్రం తీసుకుని మీసేవలో దరఖాస్తు పెట్టండి. ఇప్పుడు పుట్టేవాళ్ల విషయంలో ఆలస్యం వద్దు. 21 రోజుల్లో చెబితే నమోదుకు రుసుమే లేదు, ఇంట్లో పుట్టినా సరే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికైనా మరిదేనికైనా పుట్టిన తేదీకి రుజువు పుట్టిన సర్టిఫికెట్టే. గూడెంలో కాన్పు అయిందని తెలిసిన రోజే మీలో ఒకరు పంచాయతీకి వెళ్లాలి.

ప్రశ్న: వీళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ వస్తుందా? ఇక్కడి కోయల పేరుతో రాయిస్తే తొందరగా పని అవుతుందని ఒకరన్నారు.

జవాబు: అలా రాయించొద్దు. తప్పుడు కుల ధ్రువీకరణను రద్దు చేసి శిక్ష వేయడానికి 1993 నుంచే చట్టం ఉంది. దానితో వచ్చిన సీటు చదువు మధ్యలో పోతే నష్టపోయేది ఆ పిల్లే. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కుటుంబానికి, తండ్రికి అక్కడ ఇచ్చిన ధ్రువపత్రం చూపితే ఇక్కడ పత్రం ఇవ్వవచ్చు. కానీ రాష్ట్ర రిజర్వేషన్లు మాత్రం సొంత రాష్ట్రంలోనే వర్తిస్తాయి. తండ్రి దగ్గర ఛత్తీస్‌గఢ్ కాగితం ఏదున్నా, చిరిగిందే అయినా, పారేయనివ్వకండి. దానిలో తెగ పేరు ఎలా ఉందో అలాగే రాయండి. రిజర్వేషన్ల మాట తల్లిదండ్రులకు ముందే చెప్పండి, లేని ఆశ పెట్టొద్దు.

ప్రశ్న: సంఘాన్ని రిజిస్టర్ చేయించాలా? దూరపు గూడేల పిల్లల్ని మా గదిలో ఉంచుకుని చదివించవచ్చా?

జవాబు: అర్జీలు రాయడానికి, సాయంత్రం చదువు చెప్పడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చందాలు పోగయ్యే దాకా ఆగండి. అప్పుడు 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, మీరు తొమ్మిది మంది ఉన్నారు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడపండి.

రాత్రిళ్లు మాత్రం పిల్లల్ని మీ గదిలో ఉంచుకోకండి. ఆసరా కావలసిన పిల్లల్ని ఉంచే వసతికి 2015 బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దూరమే అడ్డమైతే, గిరిజన పిల్లలు అక్కడే ఉండి చదువుకునే ఆశ్రమ పాఠశాలలో సీటు కోసం ఏటూరునాగారంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో దరఖాస్తు పెట్టండి. పంపేముందు తల్లిదండ్రులిద్దరికీ వాళ్ల భాషలో చెప్పి ఒప్పించండి. మొదటి నెలలో ఒకసారైనా వాళ్లను బడికి తీసుకెళ్లి పిల్లను చూపించండి. పిల్ల బడి మానేసి గూడేనికి వచ్చేసేది ఎక్కువగా ఆ నెలలోనే.