టెక్ సందేహాలు: ప్రోగ్రామ్‌ని ఆపిందెవరు?

ప్రశ్న: మా జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర ఉబుంటు ఉన్న పాత కంప్యూటర్ ఒకటుంది. పత్తి బండ్ల తూకాలను సీరియల్ పోర్ట్ నుంచి చదివి రాసుకునే పైథాన్ ప్రోగ్రామ్ అందులో నడుస్తుంది. కర్నూలు నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి నేనే దాన్ని మొదలుపెడతాను. కొన్ని రాత్రులు అదంతట అదే ఆగిపోతోంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు. ఆగినప్పుడల్లా మళ్లీ లేపే క్రాన్ జాబ్ (నిర్ణీత సమయాలకు దానంతట అదే నడిచే పని) పెట్టమంటున్నారు స్నేహితులు. పెట్టేయనా సార్?
- ఓ పాఠకుడు, ఆదోని

జవాబు: ఇప్పుడే పెట్టకండి. పెడితే అసలు కారణం బయటపడదు, మధ్యలో వచ్చిన బండ్ల తూకాలు మాత్రం పోతూనే ఉంటాయి. రైతు పత్తి తూకంలో అలాంటి ఖాళీ ఉండకూడదు.

ముందు, కంప్యూటర్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే అప్‌టైమ్ కమాండ్ కొట్టి చూడండి. కరెంటు పోయి కంప్యూటరే రీస్టార్ట్ అయి ఉంటే ఆ సంగతి వేరు. కంప్యూటర్ ఆగకుండా ప్రోగ్రామ్ ఒక్కటే పోయిందంటే, అదీ ట్రేస్‌బ్యాక్ (పైథాన్ చూపే ఎర్రర్ వివరం) లేకుండా పోయిందంటే, నా అనుమానం సిగ్నల్ మీదే, అంటే వేరే ప్రోగ్రామో సిస్టమో దానికి పంపే కబురు మీద. కంట్రోల్-సి కొడితే వచ్చే సిగ్‌ఇంట్‌ను పైథాన్ తానే పట్టుకుని ఎర్రర్ చూపిస్తుంది. ముగించమనే సిగ్‌టర్మ్, లాగిన్ తెగినప్పుడు వచ్చే సిగ్‌హప్ వస్తే మాత్రం మీరు ప్రత్యేకంగా కోడ్ రాయకపోతే ఒక్క ముక్క కూడా రాయకుండా ముగిసిపోతుంది. మీ లాగ్ ఖాళీగా ఉండటానికి కారణం ఇదే కావచ్చు.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపకుండా, కోడ్ ముట్టుకోకుండా చూడటానికి ఎస్‌ట్రేస్ అనే టూల్ ఉంది. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపి, -పి ఆప్షన్‌కి మీ ప్రోగ్రామ్ పిఐడి (ప్రాసెస్ నంబర్) ఇవ్వండి. థ్రెడ్లు కూడా కలిసేలా -ఎఫ్, టైమ్ కోసం -టిటి, ఫైల్‌లోకి రాయడానికి -ఓ చేర్చండి. సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రామ్ సిస్టమ్‌ని అడిగే పనులు) వద్దు, సిగ్నల్స్ చాలు అనుకుంటే -ఇ ట్రేస్=నన్ అని పెట్టండి. ఈ ఎస్‌ట్రేస్‌ని టీమక్స్ (లాగిన్ తెగినా లోపలి పనిని ఆపని టూల్) లోపలే నడపాలి. మామూలు ఎస్‌ఎస్‌హెచ్ విండోలో పెడితే, కనెక్షన్ తెగినప్పుడు ప్రోగ్రామ్‌తో పాటు ఎస్‌ట్రేస్ కూడా పోయే ప్రమాదం ఉంది.

ప్రోగ్రామ్ ఆగిన తర్వాత ఆ ఫైల్ చివర చూడండి. కవరు మీద ఫ్రం అడ్రస్ ఉన్నట్టు, సిగ్నల్ పేరు పక్కనే ఎస్‌ఐ_పిఐడి అని పంపినవారి నంబర్, ఎస్‌ఐ_యుఐడి అని ఏ యూజరో ఉంటాయి. సిగ్‌హప్ వచ్చి, ఆ నంబర్ మీ బాష్ షెల్‌దే అయితే ఇంటర్నెట్ తెగి మీ లాగిన్ పోయిందన్నమాట. మీరు చెప్పినదాన్ని బట్టి ఎక్కువ అవకాశం దీనికే. అప్పుడు ప్రోగ్రామ్‌ని సిస్టమ్‌డి (ఉబుంటులో సర్వీసులను నడిపించేది) సర్వీస్‌గా మార్చండి, మీ లాగిన్‌తో దానికి సంబంధం ఉండదు. సర్వీస్ ఫైల్‌లో రీస్టార్ట్=ఆల్వేస్ అని రాయండి. ఆన్-ఫెయిల్యూర్ అని రాస్తే, సిగ్‌హప్‌తోనో సిగ్‌టర్మ్‌తోనో ఆగినదాన్ని సిస్టమ్‌డి సక్రమంగా ముగిసినట్టే లెక్కేస్తుంది, మళ్లీ లేపదు.

ఎస్‌ట్రేస్‌కి అందనిది, ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే చంపే సిగ్‌కిల్ ఒక్కటే. కిల్డ్ బై సిగ్‌కిల్ అన్న వరుస కనిపిస్తుంది కానీ ఎవరు పంపారో ఉండదు. అది కనిపిస్తే ముందు, కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) లాగ్ చూపే జర్నల్‌సిటిఎల్ -కె లో అవుట్ ఆఫ్ మెమరీ అన్న మాట కోసం వెతకండి. పాత కంప్యూటర్ కాబట్టి ర్యామ్ చాలక కెర్నెలే చంపి ఉండొచ్చు. అక్కడా ఏమీ లేకపోతే బీపీఎఫ్‌ట్రేస్ అనే టూల్‌తో కెర్నెల్‌లోని సిగ్నల్_జనరేట్ ట్రేస్‌పాయింట్ (సిగ్నల్ పుట్టే చోట ఉన్న నిఘా బిందువు) మీద కాపు వేయాలి. పంపినవాడి పేరు, అందుకున్నవాడి పేరు రెండూ అక్కడే దొరుకుతాయి. పంపిన ప్రోగ్రామ్ క్షణంలో ముగిసిపోయినా పేరు మిగులుతుంది. క్రాన్‌లో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పీకిల్ (పేరును బట్టి ప్రోగ్రామ్‌లకు సిగ్నల్ పంపే కమాండ్) లాంటివి పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఒక్క జాగ్రత్త: మెమరీ చాలక చంపినప్పుడు, సరిగ్గా ఆ క్షణంలో మెమరీ అడిగిన ఏ పాపమూ ఎరుగని ప్రోగ్రామ్ పేరు పంపినవాడిగా కనిపించవచ్చు. ఆ ట్రేస్‌పాయింట్ వివరాల్లో కోడ్ అన్న చోట 128 ఉంటే పంపింది కెర్నెల్ అని అర్థం.

ప్రశ్న: సి ప్రోగ్రామ్‌లో సిగ్‌ఆక్షన్‌తో హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) రాసి, లోపల ప్రింట్ఎఫ్ పెట్టాను. ఎప్పుడో ఒకసారి ప్రోగ్రామ్ బిగుసుకుపోతోంది. ఎందుకు?
- ఓ విద్యార్థిని, కడప

జవాబు: తప్పు ప్రింట్ఎఫ్ దగ్గరే ఉందమ్మా. మెయిన్‌ మాలాక్ (మెమరీ ఇచ్చే ఫంక్షన్) లోపలి లాక్ పట్టుకుని ఉన్నప్పుడే సిగ్నల్ వచ్చిందంటే, హ్యాండ్లర్‌లోని ప్రింట్ఎఫ్ కూడా మాలాక్‌ని పిలిచి అదే లాక్ కోసం ఆగిపోవచ్చు. హ్యాండ్లర్ ముగిస్తే తప్ప మెయిన్ కదలదు కాబట్టి ఆ లాక్ ఇక విడుదల కాదు. మెయిన్‌లోని ప్రింట్ఎఫ్ సగంలో ఉండగా సిగ్నల్ వస్తే దాని బఫర్ కూడా చెడిపోవచ్చు. హ్యాండ్లర్‌లో వోలటైల్ సిగ్_అటామిక్_టి రకం ఫ్లాగ్ ఒకటి మార్చి బయటికి వచ్చేయ్. తప్పనిసరిగా ఏదైనా రాయాలంటే రైట్ సిస్టమ్ కాల్ వాడు. నన్నడిగితే లినక్స్‌లో సిగ్నల్ఎఫ్‌డి ఇంకా మేలు. ముందు సిగ్‌ప్రాక్‌మాస్క్‌తో ఆ సిగ్నల్స్‌ని బ్లాక్ చేసి, మామూలు ఫైల్‌ని చదివినట్టే రీడ్‌తో చదువుకో. హ్యాండ్లరే అక్కర్లేదు, పంపిన ప్రాసెస్ పిఐడి కూడా అందులోనే వస్తుంది.