నొప్పి తగ్గిపోయింది, ఇంకా డెంటిస్టు దగ్గరికెందుకు?

ప్రశ్న: దవడ పన్ను నెల క్రితం రాత్రిళ్లు నిద్రపోనివ్వకుండా పీకేసింది. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్, నొప్పి బిళ్లలు ఐదు రోజులు వాడితే పూర్తిగా తగ్గింది. డాక్టరుకి చూపిస్తే రూట్ కెనాల్ చెయ్యాలి, రెండు మూడు సార్లు రావాలి, పైన క్యాప్ కూడా వెయ్యాలి అంటున్నారు. నొప్పే లేనప్పుడు ఇదంతా అవసరమా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అవసరమేనండి. పడుకుంటే ఎక్కువవడం, వేడి టీ తగిలితే పీకడం, ఇవన్నీ పుచ్చు లోపల నరం దాకా వెళ్లిందని చెప్పే గుర్తులు, అలాంటి పన్ను ఉన్నట్టుండి ఊరుకుందంటే చాలాసార్లు బాగైపోయిందని కాదు, లోపల నరం చచ్చిపోయిందని. చచ్చాక ఇంక నొప్పేం తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ మాత్రం వేరు చివర ఎముకని మెల్లగా తింటూనే ఉంటుంది, సరిగ్గా ఏ పెళ్లికో ప్రయాణానికో ముందు రోజు దవడ వాచి కూర్చుంటుంది. యాంటీబయాటిక్ వెళ్లేది రక్తం ద్వారానే, చచ్చిన నరంలోకి రక్తమే పోదు, మరి మందెలా పోతుంది? వాపు, జ్వరం ఉంటే దాని అవసరం దానికుంది, పుచ్చుకి మాత్రం అది వైద్యం కాదు.

ఇక రెండు మూడు సార్లు ఎందుకంటే, కింది దవడ పన్నులో సాధారణంగా మూడో నాలుగో కెనాల్స్, అంటే వేర్లలో నరం ఉండే సన్నటి గొట్టాలు ఉంటాయి, సూదుల్లాంటి సన్నటి ఫైల్స్‌తో ఒక్కోదాన్నీ చివరిదాకా శుభ్రం చెయ్యాలి, చీము ఉంటే లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంట్ వేసి కొన్ని రోజులు ఆగాలి. చీము, వాపు లేకపోతే ఒక్క సిట్టింగ్‌లో అయిపోయేవీ ఉన్నాయి, అడగండి. క్యాప్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, డబ్బులు మిగిలాయనుకుంటారు. లోపలంతా డొల్లయిన పన్ను, ఏ సకినమో కొరికినప్పుడు నిలువునా చీలుతుంది, చీలిందంటే పీకెయ్యడమే, పెట్టిన ఖర్చంతా గోవిందా. వెనక పన్ను నవ్వితే కనపడదు కాబట్టి మెటల్ క్యాప్ చాలు, తక్కువలో అవుతుంది, గట్టిగా ఉంటుంది. ఖర్చు భారమైతే హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, ఆంధ్రలో విజయవాడ, కడపల్లో ఉన్నాయి, లైన్లో నిలబడే ఓపిక ఉండాలంతే.

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. కింద వెనక పన్ను నల్లబడింది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అంటున్నారు మా అత్తయ్యగారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ పన్ను ఎన్నోదో లెక్కపెట్టండి. బాబుని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, ఫోన్ లైట్ వేసి, ముందు మధ్యలోంచి ఒక పక్కకి వేలితో ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. పాలపళ్లు ఒక్కో పక్కకి ఐదే, పైనా కిందా రెండు పక్కలా కలిపి మొత్తం 20. ఆరోది ఉందంటే అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను! ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే, చప్పుడు లేకుండా అన్నిటికన్నా వెనక వచ్చేస్తుంది, ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానమే రాదు. పైన గాట్లు లోతుగా ఉంటాయి, బిస్కెట్ పిండి అందులో ఇరుక్కుంటుంది, బ్రష్ పోదు, అందుకే పుచ్చు త్వరగా పడుతుంది. ఈ వారంలోనే చూపించండి, చిన్న పుచ్చయితే సిమెంట్‌తో పోతుంది, మిగతా మూడు పక్కల ఆరో పళ్లు బాగుంటే సీలెంట్, అంటే ఆ గాట్లని మూసేసే పూత వెయ్యమనండి, ఇంజెక్షన్ ఉండదు, నొప్పీ ఉండదు.

ఒకవేళ ఐదోదే అయినా వదిలెయ్యకండి. అది ఊడేది పదేళ్లు దాటాక. ముందే పీకిస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి జరిగిపోతుంది, తర్వాత వచ్చే పన్ను వంకరగా వస్తుంది, అప్పుడు క్లిప్పులు. అత్తయ్యగారితో గొడవ పెట్టుకోకండి, ఆవిణ్ణి కూడా క్లినిక్‌కి తీసుకెళ్లండి :)

ప్రశ్న: క్లీనింగ్ చేయించుకున్నాక పళ్ల మధ్య సందులొచ్చాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటున్నాయి. పాడు చేశారేమో?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: సందులు ఇదివరకే ఉన్నాయండి, వాటి నిండా గార ఉండేది. గార వల్ల చిగురు, దాని కింద ఎముక తగ్గిపోయాయి, ఇప్పుడు గార తీసేసరికి ఆ ఖాళీ నాలుకకి తగులుతోంది. జివ్వుమనడం మామూలుగా కొన్ని రోజుల్లో తగ్గుతుంది, సెన్సిటివ్ పేస్ట్ వాడండి. రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ చెయ్యడం మానేస్తారు చూడండి, అక్కడే ఇంకా ఎక్కువ చెయ్యాలి, మెత్తటి బ్రష్‌తో. షుగర్ ఉంటే చెప్పండి, షుగరూ చిగుళ్ల జబ్బూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ప్రశ్న: పై పన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. నలభై దాటాక చత్వారం ఎలాగూ వస్తుంది, పళ్లు కూడా ఆ వయసులోనే పీకించుకుంటారు, నెపం పంటి మీదికి పోయింది.

ప్రశ్న: నాన్నగారికి గుండెలో స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. పన్ను తీయించే ముందు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. స్టెంట్‌లో గడ్డ కట్టే ప్రమాదం ముందు పన్ను దగ్గర కారే రక్తం ఏపాటిది, దూది గట్టిగా నొక్కి, కావాలంటే కుట్టు వేసి ఆపుతాం. మాత్రల చీటీ, గుండె డాక్టర్ రిపోర్టులు పట్టుకెళ్లండి. టిఫిన్ తిని, రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు వేసుకుని ఉదయం పూట వెళ్లడం మంచిది. పన్ను తీశాక దూదిని అరగంట పైనే కరిచి పట్టుకోవాలి, మాటిమాటికీ ఉమ్మితే కట్టిన గడ్డ ఊడొస్తుంది.

ప్రశ్న: మా అమ్మమ్మ చిన్నప్పట్నుంచీ అడ్డచుట్టే. ఈమధ్య అంగిలి మీద తెల్లగా, మధ్యలో ఎర్రచుక్కలతో కనిపిస్తోంది. నొప్పి లేదంటోంది.
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: నొప్పి లేదన్న మాటకి ఈ ప్రశ్నలోనే నాకు ఎక్కువ భయం. ఉత్తరాంధ్ర తీరం ఊళ్లలో ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, అడ్డచుట్ట అంటే అదే, ఆ వేడీ పొగా తిన్నగా అంగిలికి తగులుతాయి, మామూలుగా గట్టి అంగిలికి కేన్సర్ అరుదు, అడ్డచుట్ట కాల్చేవాళ్లలో మాత్రం కనిపిస్తుంది. తెల్లగా మందంగా ఉండి ఎర్రచుక్కలుండటం చాలామందిలో చుట్ట మానేస్తే తగ్గేదే, కానీ ఏది ఏదో కంటితో చూసి తేల్చలేం. రెండు వారాలు దాటినా మానని పుండు, గరుకుగా తగిలే ఎర్రమచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. ముక్క తీస్తే జబ్బు పాకిపోతుందని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు, అది తప్పు. దగ్గర్లో డెంటల్ డాక్టరుకి చూపించండి, అనుమానం అంటే విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. ఒక్కసారే చుట్ట మానెయ్యమంటే ఆవిడ వినకపోవచ్చు, కనీసం నిప్పు బయటికి పెట్టుకోమంటే సరిపోతుందా అని కూడా అడగొద్దు, సరిపోదు.