మైదానం ముచ్చట్లు: 95 గోల్స్‌లో అసలు సరుకెంత?

ప్రశ్న: సార్, నమస్తే. ఫుట్‌బాల్‌లో మన సునీల్ ఛెత్రి దేశం తరఫున 95 గోల్స్ కొట్టాడని మా వాడు ఒకటే చెప్పుడు. ఎక్కువ నేపాల్, మాల్దీవుల్లాంటి చిన్న జట్ల మీద కొట్టినవే కదా, అదీ రికార్డేనా? ఇంకో ముచ్చట. మా వాడిది ఎనిమిదో తరగతి, క్లాసులో అందరికంటే పొట్టి. స్ట్రైకర్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే ఆటగాడిగా, పనికొస్తాడా?
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: మీ మాటలో నిజం ఉంది. దక్షిణాసియా టోర్నీల్లో మనకు తగిలేవి ఆ జట్లే. పురుషుల అంతర్జాతీయ గోల్స్‌లో రొనాల్డో, మెస్సీ, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ తర్వాత ఛెత్రి పేరుంటుంది. అంతమాత్రాన మెస్సీ పక్కన నిలబెట్టనక్కర్లేదు. ఆ పోలిక వద్దని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

కానీ ఎవరితో ఆడాలన్నది స్ట్రైకర్ చేతిలో ఉండదు కదా! 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. 2008లో ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) చాలెంజ్ కప్ ఫైనల్. తజికిస్తాన్ మీద 4-1తో గెలిచాం, అందులో మూడు ఛెత్రివే. ఆ కప్పుతోనే 1984 తర్వాత మళ్లీ ఆసియా కప్ గడప తొక్కాం. 2011లో అక్కడ బహ్రెయిన్, దక్షిణ కొరియాల మీద కూడా గోల్ చేశాడు. రెండు మ్యాచ్‌లూ ఓడిపోయామనుకోండి. 2019లో థాయ్‌లాండ్ మీద రెండు కొట్టాడు. ఆసియా కప్‌లో 1964 తర్వాత మనకు అదే మొదటి గెలుపు. నన్నడిగితే ఈ గోల్స్ చూసి లెక్క కట్టాలి.

ఇక పొట్టి సంగతి. ఛెత్రి ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. అయినా తలతో కొట్టడంలో మన దేశంలో ఆయనకు సాటి వచ్చేవాళ్లు తక్కువ. క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు వేసే బంతి) వచ్చే ముందు, తనను అడ్డుకునే డిఫెండర్ వీపు వెనక్కి జరుగుతాడు. వాడు బంతి కోసం తల తిప్పిన క్షణంలో ముందుకు దూసుకొచ్చి, వాడికంటే ముందే ఎగురుతాడు. ఈసారి వీడియో చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆయన కాళ్లనే చూడమనండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నేను ఆట నేర్పే పోరగాళ్లంతా బంతి ఎటుపోతే అటే గుంపుగా ఉరుకుతారు. అది మాన్పించడానికే నా గొంతు సగం పోయింది. మీ వాడికి బంతి లేనిచోటికి ఉరకడం వస్తే ఎత్తు పెద్ద అడ్డం కాదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడదు. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0 మ్యాచ్ ఆడి ఆయన జాతీయ జట్టుకు సెలవు చెప్పాడు. ఏడాది తిరగకముందే, 2025 మార్చిలో, నలభై ఏళ్ల మనిషిని మళ్లీ పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద తలతోనే 95వ గోల్ కొట్టాడు. ఆయనకది గొప్పే. మరి ఆ వయసు మనిషిని పిలవాల్సి రావడం మనకు గొప్పా? క్లబ్బులు డబ్బు పోసి విదేశీ స్ట్రైకర్లను తెచ్చుకుంటే మన కుర్రాళ్లు ఆ చోట ఆడేదెప్పుడు?

ప్రశ్న: ఛెత్రి మన తెలంగాణవాడే అంటారు, నిజమా?
– డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. నాన్న ఆర్మీ ఉద్యోగి కాబట్టి పెరిగింది వేరేచోట్ల. అమ్మ నేపాల్ మహిళల జట్టుకు ఆడింది. నిఖార్సైన మనవాడు కావాలంటే సికింద్రాబాద్ అమ్ముగూడ తులసీదాస్ బలరాం గురించి చదువు. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టు ఫార్వర్డ్ ఆయన. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ కూడా హైదరాబాదీయే.

ప్రశ్న: మా పాప ఫుట్‌బాల్ ఆడతానంటోంది. ఆడపిల్లకు ఇదేం ఆటని మా అత్తమ్మ టెన్షన్.
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అత్తమ్మకు నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య ఆట ఫోన్‌లో చూపించండమ్మా. మన దేశానికి ఆడుతోంది, 2022లో క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ క్లబ్‌కూ ఆడింది. పాపకు స్టడ్స్ (అడుగున బుడిపెలుండే ఫుట్‌బాల్ బూట్లు) కొనేటప్పుడు మాత్రం వచ్చే ఏడాదికీ సరిపోతాయని ఒక సైజు పెద్దవి తీసుకోకండి. కాలు లోపల జారి చీలమండ బెణుకుతుంది. సాయంత్రం పూట దుకాణానికి వెళ్లి, మేజోళ్లు వేయించి, రెండు కాళ్లకూ తొడిగి చూడండి.