గుణుపురం సర్వేకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఒడిశా ప్రభుత్వం 21 నిండి 60 దాటని ఆడవాళ్లకి ఇచ్చే సుభద్ర పథకం డబ్బుతో పేద ఇళ్లలో ఏం మారిందో లెక్క తీస్తానన్నావు. ఏడాదికి 10,000 రూపాయలు, 5,000 చొప్పున రెండు విడతలు. ఖాతాలో పడిందో లేదో కాగితాలు చెప్తాయి, దానికి ఊళ్లు తిరగక్కర్లేదు. ఆ డబ్బు రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉండేదో తేలాలి.

దానికి పోలిక ఇళ్లు కావాలి. డబ్బు రానివాళ్లందర్నీ ఒక గుంపు చేసెయ్యకు. అందులో ఉద్యోగస్తుల ఇళ్లూ ఉంటాయి, ఆధార్ కుదరక ఆగిపోయిన నిరుపేదలూ ఉంటారు. సరిహద్దు దాటి ఆంధ్రలోని పార్వతీపురం వైపు ఊళ్లూ వద్దు, అక్కడి పథకాలు వేరు. వయసు గీత దగ్గర చూడు: 21 ఈమధ్యే నిండిన ఆడపిల్లలున్న ఇళ్లు, ఇంకా నిండనివాళ్లున్న ఇళ్లు. 60 దగ్గర మాత్రం పోల్చకు, అక్కడ వృద్ధాప్య పింఛను వచ్చి కలుస్తుంది. ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు ఎవరో ఉజ్జాయింపుగా వేసిన వయసే. అలాంటి ఇళ్లకి గుర్తు పెట్టుకుని, వాటిని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క వెయ్యి.

రెండోసారి వెళ్లేది మరుసటి ఏడాది, మొదటిసారి వెళ్లిన నెలలోనే వెళ్లు. భాద్రపదంలో పాత గింజలు అడుగంటి ఉంటాయి, పుష్యంలో కొత్త ధాన్యం ఇంట్లో ఉంటుంది. ఈ రెంటినీ పోలిస్తే పంట చేసిన మేలు పథకం ఖాతాలో పడిపోతుంది.

ఇల్లంటే రేషన్ కార్డు కాదు, ఒక పొయ్యి. ఆదాయం అడిగితే సరైన అంకె రాదు, తిండీ ఖర్చూ అడుగు. కూరలు, గుడ్లు, ఎండుచేపలు గత 7 రోజులవి. బియ్యం, పప్పులు 30 రోజులవి. బట్టలు, ఆసుపత్రి 365 రోజులవి. 'తవ్వెడు వండాం' అంటే అలాగే రాసేసుకోకు. తవ్వ ఊరూరికీ మారుతుంది. వాళ్లు కొలిచే డబ్బానే తెమ్మని, తలకొట్టి పోస్తారో పోగు పోస్తారో చూసి, చిన్న కాటా మీద తూచు. ధాన్యం లెక్క చెప్తే 100 కిలోలకి 67 కిలోల బియ్యంగా మార్చుకో.

బియ్యం ఎక్కడివో విడివిడిగా రాయి: రేషన్, సంత, సొంత పొలం, కూలి గింజలు. అంత్యోదయ కార్డుకి 35 కిలోలు వచ్చాయని తిండి 35 కిలోలు పెరగదు. సంతలో కొనేది తగ్గుతుంది, కొంత అమ్ముడవుతుంది. సుభద్రదీ అదే దారి. విడత పడ్డ వారమే గ్రూపు లోను వాయిదా కట్టేసి ఉంటారు, కూర మారదు. అది మేలు కాదనకు, అప్పు ఎంత తగ్గిందో వడ్డీతో సహా రాయి.

పథకం ప్రశ్నలన్నీ ఆఖర్నే. ముందే అడిగితే పేరు తీసేస్తారేమోనని గుడ్లు కూడా దాచేస్తారు. సవర పల్లెల్లో వార్డు మెంబరుని దుబాసీగా పెట్టుకోవద్దు, అతని ఎదుట ఎవరూ ఉన్న మాట చెప్పరు.

తాళం వేసిన ఇంటి బదులు పక్కింటిని రాసుకునే అలవాటొకటి ఉంది, అది మీ సర్వే పిల్లలకి అంటనివ్వకు. వలసపోయినవాళ్లే చాలామటుకు కటిక పేదలు. వాళ్లు జారిపోతే ఊరు ఉత్తపుణ్యానికి బాగుపడినట్టు కనిపిస్తుంది. మూడుసార్లు వెళ్లండి. అప్పటికీ దొరక్కపోతే పక్కింట్లో ఫోన్ నంబరు అడిగి, ఎప్పుడు వెళ్లారో ఎటు వెళ్లారో రాసి, ఆ ఇంటిని జాబితాలోనే ఉంచండి.

మీ మావయ్య